స్కాన్ కావడం ఒక ఎత్తు, సరైన చోటికి చేరడం మరో ఎత్తు: అండమాన్ దీవుల్లో క్యూఆర్ కోడ్

శ్రీ విజయపురంలోని అబెర్డీన్ బజారులో కొబ్బరిబొండాల బండి మొదలుకొని గవ్వల నగల దుకాణం వరకు నలుపు తెలుపు గడుల చదరం ఒకటి కనిపించడం ఇప్పుడు మామూలు విషయం. చెల్లింపులకు, టికెట్లకు, పర్యాటక సమాచారానికి, పాఠ్యపుస్తకాలకు, ఔషధాల పెట్టెలకు ఇదే గుర్తు వాడుకలో ఉంది. దీన్ని తయారు చేయడం కూడా సులభమే. ఏ వెబ్‌సైటులోనైనా చిరునామా ఇచ్చి మీట నొక్కితే క్షణంలో బొమ్మ సిద్ధమవుతుంది. ఆ సౌలభ్యం వల్లే దీని తయారీలో ఎన్ని పొరపాట్లకు తావుందో చాలామంది గమనించరు.

క్యూఆర్ కోడ్ రెండు రకాలుగా విఫలమవుతుంది. మొదటిది, ఫోను దానిని చదవలేకపోవడం. రెండవది, చదివినా ఉద్దేశించిన చోటికి కాక వేరొక చోటికి, లేదా ఎక్కడికీ చేరకపోవడం. మొదటి లోపం అక్కడికక్కడే బయటపడుతుంది. రెండవది నెలల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోవచ్చు. నష్టం కలిగించేది ఎక్కువగా ఆ రెండవదే.

దీవుల్లో ఈ పొరపాటు ఖరీదు మరింత ఎక్కువ. అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతంలో దీవులు, దీవికలు, శిలలు కలిపి అధికారిక లెక్క ప్రకారం 836. జనం నివసించేవి వాటిలో కొన్ని మాత్రమే. చెన్నై, విశాఖపట్నం రేవుల నుంచి ఇక్కడికి దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్ర ప్రయాణం. రాజధాని నుంచి గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బేకు 500 కిలోమీటర్లకు పైగా దూరం. హైదరాబాదులో తప్పుగా అచ్చయిన ఫ్లెక్సీని సాయంత్రానికల్లా మార్చవచ్చు. కాంప్‌బెల్ బేలో బిగించిన బోర్డు తప్పయితే మళ్లీ అచ్చు వేయించి పడవలో పంపాలి. ఆ పడవకు వాతావరణం కూడా అనుకూలించాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం తెలుగుదే. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు, చిన్న వ్యాపారులు వీరిలో గణనీయంగా ఉన్నారు. అందువల్ల తెలుగు లిపి క్యూఆర్ కోడ్‌లోకి చేరినప్పుడు ఏం జరుగుతుందన్న ప్రశ్న ఇక్కడ కేవలం సాంకేతిక కుతూహలం కాదు.

బొమ్మలో ఏముంటుంది?

జపాన్‌కు చెందిన డెన్సో సంస్థలో మసాహిరో హరా బృందం 1994లో క్యూఆర్ కోడ్‌ను రూపొందించింది. మోటారు వాహనాల విడిభాగాల లెక్క చూసుకోవడానికి అడ్డగీతల బార్‌కోడ్ చాలకపోవడం దాని పుట్టుకకు కారణం. ఇప్పుడు డెన్సో వేవ్ పేరిట ఉన్న సంస్థకు దీనిపై పేటెంట్ ఉన్నప్పటికీ, ప్రమాణాన్ని పాటించే కోడ్‌ల వినియోగంపై ఆ హక్కును ప్రయోగించబోమని ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా ఇది ఉచితంగా విస్తరించడానికి మూలం ఆ నిర్ణయమే. 2000లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీనిని 18004 సంఖ్య గల ప్రమాణంగా ఆమోదించింది.

మూడు మూలల్లో కనిపించే పెద్ద చదరాలు ఫోను కెమెరాకు దారి చూపే గుర్తులు. ఏ కోణం నుంచి గీత గీసినా వాటి మధ్యగా నలుపు, తెలుపు మందాలు 1:1:3:1:1 నిష్పత్తిలో వస్తాయి. పత్రికలు, కరపత్రాలు, పెట్టెలపై అచ్చయిన రకరకాల ముద్రణలను పరిశీలించి, మామూలు అచ్చులో అతి అరుదుగా కనిపించే నిష్పత్తిగా హరా బృందం దీనిని ఎంచుకుంది. కోడ్‌ను తలకిందులుగా పట్టుకున్నా ఫోను చదవగలగడానికి కారణం ఇదే. ఈ మూడు చదరాల్లో ఒక్కటి మరుగున పడినా, చాలా ఫోన్లు అసలు అక్కడ కోడ్ ఉన్నట్లే గుర్తించవు.

కోడ్ చుట్టూ నాలుగు గడుల వెడల్పున ఖాళీ స్థలం ఉండాలని ప్రమాణం చెబుతుంది. దుకాణాల స్టిక్కర్లలో అన్నిటికంటే ఎక్కువగా ఉల్లంఘనకు గురయ్యే నియమం బహుశా ఇదే. స్థలం వృథా అవుతోందని భావించి డిజైనరు ఆ అంచును కత్తిరిస్తాడు, లేదా కోడ్‌కు ఆనుకొని రంగు చట్రం గీస్తాడు. కెమెరాకు కోడ్ ఎక్కడ మొదలైందో, చట్రం ఎక్కడ ముగిసిందో తెలియని స్థితి ఏర్పడుతుంది. ఆ ఖాళీ కూడా కోడ్‌లో భాగమేనని గుర్తిస్తే సగం ఫిర్యాదులు తగ్గుతాయి.

క్యూఆర్ కోడ్‌కు 40 పరిమాణాలు ఉన్నాయి. మొదటిది 21×21 గడులు. ఒక్కో మెట్టుకు నాలుగేసి గడులు పెరుగుతూ నలభయ్యవది 177×177 గడులకు చేరుతుంది. ఏ పరిమాణం రావాలన్నది అందులో పెట్టిన సమాచారం నిడివిని బట్టి సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. సమాచారం పెరిగేకొద్దీ గడులు పెరుగుతాయి. అదే కాగితంపై గడులు పెరిగితే ఒక్కో గడి చిన్నదవుతుంది. చదవడంలో ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇక్కడ ఉంది.

ఒక లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. 26 అక్షరాల వెబ్ చిరునామా మధ్యస్థ రక్షణ స్థాయిలో 25×25 గడుల్లో ఇమిడిపోతుంది. అదే చిరునామాకు ప్రచార లెక్కల కోసం తోకలు తగిలించి 120 అక్షరాలు చేస్తే 45×45 గడులు కావాలి. ఖాళీ అంచుతో కలిపి మూడు సెంటీమీటర్ల స్టిక్కర్‌పై మొదటి కోడ్‌లో ఒక్కో గడి 0.9 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. రెండవదానిలో 0.57 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. కెమెరా లెన్స్‌పై ఉప్పుగాలి పొర పేరుకున్న పాత ఫోనుకు ఈ తేడా చాలా పెద్దది.

తెలుగు అక్షరం బరువు

క్యూఆర్ కోడ్ అన్ని అక్షరాలనూ సమానంగా చూడదు. అంకెలకు తక్కువ చోటు చాలు. అంకెలు, ఆంగ్ల పెద్దక్షరాలు, ఖాళీ, మరో ఎనిమిది గుర్తులు కలిసిన 45 అక్షరాల వర్గానికి ఒక్కో అక్షరానికి అయిదున్నర బిట్లు పడతాయి. ఆంగ్ల చిన్నక్షరాలకు ఎనిమిది బిట్లు, అంటే ఒక బైటు కావాలి. తెలుగు లిపిలో యూనికోడ్ ప్రకారం విడివిడిగా నమోదయ్యే ప్రతి వర్ణానికి, ప్రతి గుణింతపు గుర్తుకు, ప్రతి పొల్లుకు యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు ఖర్చవుతాయి.

‘శ్రీ’ అన్నది చదువరి కంటికి ఒకే అక్షరం. యంత్రానికి అది శకారం, విరామ చిహ్నం, రకారం, దీర్ఘ ఈకారపు గుర్తు కలిసిన నాలుగు అంశాలు, పన్నెండు బైట్లు. ‘శ్రీ విజయపురం’ అన్న పేరు మొత్తం తెలుగులో 37 బైట్లు. అదే పేరును మూడు పదాలుగా ఆంగ్ల లిపిలో రాస్తే 16 బైట్లు, పెద్దక్షరాల వర్గంలో పెడితే 11 బైట్లకు సమానమైన చోటు చాలు. ఈ తెలుగు పేరు వెబ్ చిరునామాలో భాగమైతే పరిస్థితి ఇంకా భారమవుతుంది. చిరునామాల్లో తెలుగు వర్ణాలను శాతం గుర్తులతో కూడిన సంకేతాలుగా మార్చాలి. అప్పుడు ఒక్కో అంశం తొమ్మిది అక్షరాలవుతుంది. పదమూడు అంశాల ‘శ్రీ విజయపురం’ 111 అక్షరాలకు చేరుతుంది.

దీనర్థం తెలుగును క్యూఆర్ కోడ్ నుంచి వెలివేయాలని కాదు. తెలుగు ఎక్కడ ఉండాలన్నది ఆలోచించి నిర్ణయించాలి. కోడ్‌లో పొట్టి ఆంగ్ల చిరునామా ఉంచి, అది తెరిచే పేజీని తెలుగులో ఉంచవచ్చు. కోడ్ కింద ‘టికెట్ వివరాలకు స్కాన్ చేయండి’ అని పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చు వేయవచ్చు. తెలుగు పాఠాన్నే నేరుగా కోడ్‌లో పెట్టదలిస్తే మరో చిక్కు ఉంది. ప్రమాణంలో అక్షరాల డిఫాల్ట్ పట్టిక పాశ్చాత్య యూరప్ భాషలది. యూటీఎఫ్-8 వాడినట్లు కోడ్‌లో సూచన లేకపోతే చదివే యాప్ ఊహించుకోవలసి వస్తుంది. ఇప్పటి ఫోన్లు చాలావరకు సరిగానే ఊహిస్తాయి. పాత స్కానర్లు మాత్రం తెలుగుకు బదులు అర్థంలేని లాటిన్ గుర్తులను చూపడం కద్దు.

పెద్దక్షరాల వర్గం వల్ల వచ్చే ఆదాను వాడుకోదలచిన వారు ఒక తేడా గమనించాలి. వెబ్ చిరునామాలో డొమైన్ పేరుకు చిన్న, పెద్ద అక్షరాల భేదం లేదు. దాని తర్వాత వాలుగీత దాటాక వచ్చే భాగానికి చాలా సర్వర్లలో ఆ భేదం ఉంటుంది. అంతా పెద్దక్షరాలు చేసి అచ్చు వేశాక పేజీ తెరుచుకోకపోతే కారణం అదే కావచ్చు. ప్రశ్నార్థకం, సమాన గుర్తు, ఈమెయిల్‌లో వాడే ఎట్ గుర్తు ఆ 45లో లేవు.

మారే పేర్లు, మారని కోడ్

కోడ్‌లోని సమాచారం అచ్చయిన తర్వాత మారదు. దీవుల్లో ఈ సంగతికి ఉన్న ప్రాధాన్యాన్ని గత కొన్నేళ్ల చరిత్రే చెబుతుంది. 2018 డిసెంబరు 30న రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా, నీల్ దీవి షహీద్ ద్వీప్‌గా, హేవ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్‌గా మారాయి. 2023 జనవరి 23న పేరులేని 21 పెద్ద దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. 2024 సెప్టెంబరు 13న పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురంగా మారింది. పాత పేరును పాఠంగా కోడ్‌లో పెట్టి శిలాఫలకంపై చెక్కించి ఉంటే ఆ ఫలకం పాతబడినట్టే.

స్థలాన్ని సూచించడానికి పేరు కంటే అక్షాంశ రేఖాంశాలు నమ్మకమైనవి. క్యూఆర్ కోడ్‌లో ‘జియో’ అనే ఉపసర్గతో ఆ రెండు సంఖ్యలు పెడితే ఫోను తన మ్యాప్ యాప్‌లో ఆ బిందువును చూపుతుంది. ప్రభుత్వం ఊరి పేరు మార్చినా బిందువు కదలదు.

వెబ్ పేజీ విషయంలో సాధారణ పరిష్కారం దారిమళ్లింపు. కోడ్‌లో ఒక పొట్టి, స్థిరమైన చిరునామా ఉంటుంది. అది సర్వర్‌ను చేరుతుంది, సర్వర్ అప్పటి పేజీకి పంపుతుంది. పేజీ మారినప్పుడు సర్వర్‌లో ఒక వాక్యం మార్చితే చాలు, బోర్డును ముట్టుకోనక్కరలేదు. వ్యాపార పరిభాషలో వీటిని డైనమిక్ కోడ్‌లు అంటారు. నిజానికి కోడ్ ఎప్పటిలాగే స్థిరం, గమ్యం మాత్రమే మారుతుంది.

ఈ దారిమళ్లింపు ఎవరి చేతిలో ఉందన్నది అసలు ప్రశ్న. ఉచితంగా కోడ్ చేసి ఇస్తామనే వెబ్‌సైట్లలో కొన్ని, వినియోగదారు ఇచ్చిన చిరునామాకు బదులు తమ సొంత పొట్టి చిరునామాను కోడ్‌లో పెడతాయి. ఉచిత గడువు ముగియగానే కోడ్ ఆగిపోతుంది, లేదా ముందు ప్రకటన చూపిస్తుంది. తయారు చేసిన కోడ్‌ను ఒకసారి స్కాన్ చేసి, తెరవకుండా, పైన కనిపించే చిరునామా తనదేనా కాదా అని చూస్తే ఈ ఉచ్చు అప్పుడే తెలిసిపోతుంది. అయినా అచ్చుకు ముందు ఆ పని చేసేవారు తక్కువ.

సొంత డొమైన్ ఉన్నా నిశ్చింత లేదు. 2015లో జర్మనీలో హైన్జ్ కెచప్ సీసాపై ఉన్న క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసిన ఒక వినియోగదారుకు అశ్లీల వెబ్‌సైటు తెరుచుకుంది. సీసాపై లేబుల్ రూపకల్పన పోటీ కోసం తీసుకున్న డొమైన్ గడువు పోటీ తర్వాత ముగిసింది, మరొకరు దానిని కొనుక్కున్నారు. సీసా మాత్రం ఇంకా వంటింట్లోనే ఉంది. సంస్థ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. కోడ్ అచ్చయిన వస్తువు ఎంతకాలం జనం మధ్య ఉంటుందో, డొమైన్ కూడా అంతకాలం ఉండాలి. బోర్డు పదేళ్లు నిలిచే లోహఫలకమైతే డొమైన్‌ను ఏడాదికి కొని మరిచిపోవడం పొదుపు కాదు.

నెట్‌వర్క్ లేని చోట

చెన్నై నుంచి దీవులకు వేసిన సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రధాని నరేంద్ర మోదీ 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవు, 1,224 కోట్ల రూపాయల వ్యయం గల ఈ కేబుల్ రాజధానితో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లను కలుపుతుంది. అంతకుముందు దీవులు ఉపగ్రహ లింకులపై ఆధారపడేవి. కేబుల్ వచ్చాక వేగం పెరిగింది. అయితే కేబుల్ తీరాన్ని చేరినంత మాత్రాన ప్రతి బీచ్‌కు, అడవి దారికి, నడిసముద్రంలో ఉన్న పడవకు సిగ్నల్ చేరదు.

కాబట్టి కోడ్ రూపొందించేవారు అడగవలసిన తొలి ప్రశ్న: ఈ బోర్డు ఉన్న చోట ఇంటర్నెట్ ఉందా? లేకపోతే లింకుకు బదులు సమాచారాన్నే కోడ్‌లో పెట్టవచ్చు. ఫోన్ నంబరును ‘టెల్’ ఉపసర్గతో పెడితే స్కాన్ చేయగానే డయల్ చేసే తెర వస్తుంది. దానికి డేటా అక్కరలేదు, మాట్లాడటానికి సిగ్నల్ చాలు. సముద్రంలో ఆపదకు తీరరక్షక దళం నంబరు 1554, అన్ని అత్యవసరాలకు 112. అయినా ఇలాంటి నంబర్లను కోడ్‌లో మాత్రమే దాచడం వివేకం కాదు. ఆపదలో ఉన్నవారు కెమెరా తెరిచే స్థితిలో ఉండకపోవచ్చు. అంకెలు పెద్దగా అచ్చయి ఉండాలి, కోడ్ పక్కన ఉంటే ఉండవచ్చు.

వసతిగృహాల్లో వైఫై పేరు, సంకేతపదం కోడ్‌లో పెట్టే పద్ధతి కూడా ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది. భద్రత రకం, నెట్‌వర్క్ పేరు, సంకేతపదం వరుసగా సెమీకోలన్లతో విడదీయాలి. సంకేతపదంలోనే సెమీకోలన్ ఉంటే దాని ముందు వెనుకకు వాలిన గీత పెట్టాలి. ఇది మరిచితే కోడ్ చక్కగా స్కాన్ అవుతుంది, ఫోను మాత్రం కనెక్ట్ కాదు.

ఇంటర్నెట్ లేకుండా నమ్మకం కలిగించే మరో పద్ధతికి ఆధార్ ఉదాహరణ. ఆధార్ పత్రంపై ఉన్న సురక్షిత క్యూఆర్‌లో వివరాలతో పాటు జారీ చేసిన సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. తనిఖీ యాప్ ఆ సంతకాన్ని ఫోనులోనే సరిచూడగలదు. దీక్షా వేదికకు అనుసంధానమైన పాఠ్యపుస్తకాల్లో మరో మంచి అలవాటు కనిపిస్తుంది. కోడ్ కింద ఆరు అక్షరాల సంకేతం ముద్రిస్తారు. కెమెరా పనిచేయని విద్యార్థి దానిని చేత్తో టైపు చేసి అదే పాఠాన్ని చేరవచ్చు. దీవుల జెట్టీ బోర్డులకైనా, మ్యూజియం ఫలకాలకైనా ఈ పద్ధతి చక్కగా నప్పుతుంది.

డబ్బు చేతులు మారే చోట

యూపీఐ 2016లో మొదలైంది. తొలినాళ్లలో ఒక్కో సంస్థ తన యాప్‌కే పనికొచ్చే కోడ్‌ను ఇచ్చేది. దుకాణం గల్లాపెట్టె మీద నాలుగైదు స్టిక్కర్లు వరుసగా ఉండేవి. రిజర్వ్ బ్యాంకు 2020 అక్టోబరు 22న కొత్త సొంత కోడ్‌లను నిషేధించింది. ఉన్నవాటిని 2022 మార్చి 31లోగా యూపీఐ క్యూఆర్ లేదా భారత్ క్యూఆర్‌కు మార్చాలని ఆదేశించింది. ఏ యాప్‌తోనైనా ఏ కోడ్‌కైనా చెల్లించగలగడం ఆ తర్వాత సాధారణమైంది.

యూపీఐ కోడ్‌లో ఉండేది ఒక చిన్న వాక్యం. అందులో డబ్బు అందుకునేవారి యూపీఐ చిరునామా, పేరు, ద్రవ్యం రకం, అవసరమైతే మొత్తం, గమనిక ఉంటాయి. మొత్తం రాస్తే చెల్లించేవారు సాధారణంగా దానిని మార్చలేరు. ఒకే ధర ఉన్న ప్రవేశ టికెట్‌కు అది మేలు, చేపల బుట్టకు కాదు. పేరును తెలుగులో పెట్టాలనే ఆశ సహజమే. ‘లక్ష్మీ స్టోర్స్’ అన్న ఊహాత్మక దుకాణం పేరును తెలుగులో సంకేతిస్తే 138 అక్షరాలు, ఆంగ్లంలో 16. అరవై అక్షరాలున్న వాక్యం 33×33 గడులతో సరిపోయేది కాస్తా 57×57 గడులకు పెరుగుతుంది. పైగా ఆ శ్రమకు ఫలితం లేదు. కోడ్ నుంచి తీసిన పేరును కాక, బ్యాంకు ఖాతాలో నమోదైన అసలు లబ్ధిదారు పేరునే చెల్లించేవారికి చూపాలని జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ 2025 ఏప్రిల్‌లో యాప్‌లను ఆదేశించింది. గడువు ఆ ఏడాది జూన్ 30. దుకాణం తెలుగు పేరు ఉండవలసిన చోటు స్టిక్కర్ పైభాగం.

ఆ ఆదేశం వెనుక ఉన్న ప్రమాదం అనుభవంలోనిదే. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో కొందరు రాత్రివేళ దుకాణాల బయట, పెట్రోలు బంకు వద్ద ఉన్న కోడ్‌లపై తమ కోడ్‌లను అతికించారు. చెల్లించేవారికి వేరే పేరు కనిపించడంతో విషయం వెలుగులోకి వచ్చింది. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో 2022 జనవరిలో పార్కింగ్ మీటర్లపై నకిలీ స్టిక్కర్లు బయటపడ్డాయి. అక్కడ కోడ్ దారితీసింది నకిలీ చెల్లింపు పేజీకి. ఈ రెండు సందర్భాల్లోనూ కోడ్‌లు సాంకేతికంగా నిర్దోషమైనవి, చక్కగా స్కాన్ అయ్యాయి.

పర్యాటకులపై ఆధారపడిన ఊళ్లకు ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది. కొనేవారు రోజూ వచ్చే ఇరుగుపొరుగు కారు, కనిపించిన పేరు సరైనదో కాదో వారికి తెలియదు. అందుకే దుకాణదారు ప్రతి ఉదయం మరో ఫోనుతో తన కోడ్‌నే స్కాన్ చేసి పేరు చూసుకోవడం, బయట గోడపై కాక చూపు ఆనే చోట స్టిక్కర్ ఉంచడం, బ్యాంకులో నమోదైన పేరును స్టిక్కర్‌పై కూడా ముద్రించడం అవసరం. నెట్‌వర్క్ మందగించినప్పుడు కొనుగోలుదారు చూపే తెర బొమ్మను నమ్మరాదు. సౌండ్ బాక్స్ ప్రకటన లేదా ఖాతా సందేశం వచ్చేదాకా ఆగాలి. డబ్బు అందుకోవడానికి కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని ఎవరైనా అడిగితే అది మోసమే. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. మోసం జరిగితే జాతీయ సైబర్ నేర సహాయ నంబరు 1930.

ప్రభుత్వ బోర్డులకు కూడా ఇదే జాగ్రత్త కావాలి. కోడ్‌ను విడి స్టిక్కర్‌గా అతికించడం కంటే బోర్డులో భాగంగానే అచ్చు వేస్తే, పైన మరొకటి అతికించినప్పుడు తేడా తెలుస్తుంది. కోడ్ కింద గమ్యం చిరునామా చదవగలిగే అక్షరాల్లో ఉంటే, ‘గవ్ డాట్ ఇన్’తో ముగియని పేజీ తెరుచుకున్నప్పుడు చదువరి అప్రమత్తమవుతాడు.

ఉప్పుగాలిలో అచ్చు

దీవుల్లో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. మే నుంచి డిసెంబరు దాకా వానకాలమే అనవచ్చు. గాలిలో తేమ, ఉప్పు ఎప్పుడూ ఉంటాయి. కాగితంపై అచ్చు వేసి లామినేషన్ చేసిన కోడ్‌లోకి అంచుల నుంచి తేమ చేరి పొర ఉబ్బుతుంది. మెరిసే లామినేషన్ మధ్యాహ్నపు ఎండను అద్దంలా తిప్పికొట్టి మధ్యలో తెల్లని మచ్చను సృష్టిస్తుంది. మెరుపులేని పొర, తేమ తాకని వినైల్ లేదా ప్లాస్టిక్ ఫలకం ఇక్కడికి తగినవి. గాలికి ముడతలు పడే వదులు ఫ్లెక్సీపై గడులు వంకర పోతాయి. వెదురు స్తంభానికి చుట్టిన కోడ్‌లో రెండు పక్కల గుర్తులు చూపు నుంచి తప్పుకుంటాయి.

తెల్లని నేలపై నల్లని గడులు ఇప్పటికీ అన్నిటికంటే మెరుగు. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ కూడా పనిచేస్తాయి. పసుపు, లేత నారింజ గడులు పనికిరావు. రంగులు తారుమారు చేసి నల్లని నేలపై తెల్లని గడులు వేస్తే కొన్ని యాప్‌లు చదువుతాయి, కొన్ని చదవవు. తుప్పు పట్టని ఉక్కుపై చెక్కిన ఫలకం చూడటానికి గంభీరంగా ఉంటుంది గాని గడికి, నేలకు రంగు తేడా చాలక తరచూ విఫలమవుతుంది.

పరిమాణానికి వాడుకలో ఉన్న కొలత ఒకటుంది: ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు వెడల్పు. బల్లమీద స్టిక్కర్‌కు మూడు నాలుగు సెంటీమీటర్లు చాలు. జెట్టీలో వరుసలో నిలబడినవారు మూడు మీటర్ల నుంచి స్కాన్ చేయాలంటే ముప్పై సెంటీమీటర్లు కావాలి. గడులు ఎక్కువగా ఉన్న కోడ్‌కు ఇంకా పెంచాలి.

కొంత చెడినా కోడ్ చదవగలగడానికి రీడ్-సాలమన్ దోష సవరణ గణితం ఆధారం. దీనిలో ఎల్, ఎం, క్యూ, హెచ్ అని నాలుగు స్థాయిలు. ఇవి వరుసగా దాదాపు 7, 15, 25, 30 శాతం సంకేతపదాలు పాడైనా తిరిగి రాబడతాయి. ఎండావానలకు నిలిచే బోర్డుకు క్యూ మంచి ఎంపిక. అన్నిచోట్లా హెచ్ పెట్టడం మేలనుకుంటే పొరపాటు. 26 అక్షరాల అదే చిరునామా ఎం స్థాయిలో 25×25 గడుల్లో సరిపోతే, హెచ్‌లో 33×33 కావాలి. గడులు చిన్నవైన మేరకు దూరం నుంచి చదివే శక్తి తగ్గుతుంది. మధ్యలో పెట్టే లోగో కూడా ఈ సవరణ శక్తినే తింటుంది. లోగోకే ఇరవై శాతం పోతే, గీతకు, బూజుకు, మడతకు మిగిలేది స్వల్పం. మూల గుర్తుల మీద, వాటిని ఆనుకున్న గడుల మీద ఏ స్థాయిలోనూ లోగో పడకూడదు. కోడ్‌ను ఏ పద్ధతిలో చదవాలో చెప్పే సమాచారం అక్కడే ఉంటుంది.

ప్రెస్సుకు ఫైలు పంపే తీరులో కూడా కోడ్ చెడిపోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోయి గడుల అంచులు మసకబారుతాయి. ఎస్వీజీ లేదా పీడీఎఫ్ రూపంలో, ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపాలి. పేజీలో ఇమడటం కోసం వెడల్పును మాత్రమే లాగితే చదరం దీర్ఘచతురస్రమై గడులు సాగిపోతాయి.

అచ్చయిన మొదటి ప్రతిని అది ఉండబోయే చోటే పరీక్షించాలి. కార్యాలయంలోని కంప్యూటర్ తెరపై స్కాన్ కావడం పరీక్ష అనిపించుకోదు. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోను ఒకటి, ఐఫోన్ ఒకటి, గీతలు పడ్డ లెన్స్ ఉన్న పాత ఫోను ఒకటి తీసుకొని, మధ్యాహ్నపు ఎండలోను, రాత్రి దీపం కిందా, నిలబడే దూరం నుంచి చూడాలి. ఆ చోట పనిచేసే ప్రతి మొబైల్ నెట్‌వర్క్‌పైనా పేజీ తెరుచుకోవాలి. కార్యాలయపు వైఫైలో లాగిన్ అయి ఉన్న ఫోనుతో పరీక్షిస్తే, బయటివారికి అనుమతి లేని పేజీ కూడా తెరుచుకొని మోసపుచ్చుతుంది.

పెద్ద సంఖ్యలో కోడ్‌లు పెట్టే శాఖకు, పంచాయతీకి, హోటలుకు ఒక రిజిస్టరు ఉండాలి. ఏ కోడ్ ఏ జెట్టీలో, ఏ గోడపై ఉంది, లోపల ఏ చిరునామా ఉంది, దారిమళ్లింపు ఖాతా ఎవరి పేర ఉంది, డొమైన్ గడువు ఏ తేదీన ముగుస్తుంది, చివరిసారి ఎవరు ఎప్పుడు స్కాన్ చేసి చూశారు అన్నవి అందులో రాయాలి. ఖాతా ఒక ఉద్యోగి వ్యక్తిగత ఈమెయిల్‌పై ఉంటే బదిలీ రోజున దానిని కార్యాలయం పేరుకు మార్చించుకోవాలి.